వీధిలోకి పైపు గ్యాస్ వచ్చింది, ఇంట్లోకి రానివ్వవచ్చా?

ప్రశ్న: మేము కాకినాడలో ఉంటున్నాము. మా వీధిలో పసుపుపచ్చ గొట్టాలు పాతిపెట్టి, ఇంటింటికీ వంటగ్యాస్ పైపు కనెక్షన్ ఇస్తామంటున్నారు. ఇది సిలిండర్లో వచ్చే గ్యాసేనా, వేరేదా? మా అత్తగారి పుట్టిల్లు మామిడికుదురు దగ్గర. నగరం గ్రామంలో జరిగిన ప్రమాదాన్ని తలచుకొని, గొట్టంలో గ్యాస్ ఇంట్లోకి వద్దే వద్దంటున్నారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం ఇది కాలుష్యం లేని ఇంధనమనీ, పైగా మన గోదావరి గ్యాసేననీ వాదిస్తున్నాడు. ఖర్చు తగ్గుతుందో లేదో లెక్క చూసుకోవడం ఎలాగో కూడా చెప్పగలరు. (ఒక గృహిణి, కాకినాడ)

సమాధానం:

అమ్మా, మీరు నాలుగు సంగతులు అడిగారు గానీ, మొదటిదానికి సరైన జవాబు దొరికితే మిగిలిన మూడూ చాలావరకు విడిపోతాయి. మీ వీధి గొట్టంలో వస్తున్నది సిలిండర్లోని గ్యాస్ కాదు. రెండూ నీలిమంటతోనే మండుతాయి, రెండింటికీ వాసన ఒకేలా ఉంటుంది, అందుకని ఒకటేననుకోవడం సహజమే. కాని వాటి గుణాలు వేరు, కాబట్టి వంటింట్లో మనం పాటించవలసిన జాగ్రత్తలు కూడా కొంత వేరు.

గొట్టంలో వచ్చేది సహజవాయువు. అందులో అత్యధిక భాగం మీథేన్. దానితోపాటు కొద్దిగా ఈథేన్, ఇంకా కొద్దిగా ఇతర వాయువులు ఉంటాయి. ఒక కార్బన్ పరమాణువుకు నాలుగు హైడ్రోజన్ పరమాణువులు అంటుకొని ఉన్నదే మీథేన్. కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే హైడ్రోకార్బన్లలో ఇంతకంటే చిన్న అణువు లేదు. సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. వాటి అణువుల్లో మూడేసి, నాలుగేసి కార్బన్లు ఉంటాయి. చమురు శుద్ధి కర్మాగారాల్లోనూ, భూమిలోంచి వచ్చిన వాయువును వేరుచేసే కేంద్రాల్లోనూ ఈ మిశ్రమం తయారవుతుంది. మీథేన్ మనకు కొత్తది కూడా కాదు. మా తాతగారి పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉండేది. తెల్లవారేసరికి దాని మీది ఇనుప డ్రమ్ము జానెడు పైకి లేచి ఉండేది, రాత్రి వంటలు అయ్యేసరికి మళ్లీ కిందికి దిగిపోయేది. పేడ కుళ్లినప్పుడు పుట్టి ఆ డ్రమ్మును పైకి లేపిన వాయువులో సగానికి పైగా మీథేనే. గాలి తగలని చోట జీవపదార్థం కుళ్లితే మీథేన్ పుడుతుంది. చెరువు అడుగు బురదను కర్రతో కదిలిస్తే పైకి వచ్చే బుడగలు కూడా అవే.

భూమి లోపలి సహజవాయువు మాత్రం కోట్ల సంవత్సరాల క్రితం బురదతోపాటు పేరుకుపోయిన సూక్ష్మజీవుల, మొక్కల అవశేషాలు కిలోమీటర్ల లోతున వేడికీ ఒత్తిడికీ లోనై మారగా ఏర్పడింది. కొన్ని శిలల్లోని సన్నని రంధ్రాల్లోకి చేరి, పైన గ్యాస్‌ను పోనివ్వని గట్టి పొర ఉన్నచోట చిక్కుకుపోయిన ఆ వాయువును బావులు తవ్వి పైకి తెస్తారు. గోదావరి, కృష్ణ నదులు యుగయుగాలుగా తెచ్చి పోసిన మట్టి పొరలు కోనసీమ కిందనుంచి బంగాళాఖాతం అడుగువరకు పరచుకొని ఉండడమే మన తీరంలో గ్యాస్ దొరకడానికి మూలకారణం.

మరి దీన్ని కూడా సిలిండర్లో నింపి ఇవ్వవచ్చు కదా, వీధులన్నీ తవ్వడం ఎందుకు అనిపించవచ్చు. ప్రొపేన్, బ్యూటేన్లు కొద్దిపాటి ఒత్తిడికే ద్రవంగా మారిపోతాయి. మీ సిలిండర్ను కదిపినప్పుడు లోపల తొణికే చప్పుడు ఆ ద్రవానిదే. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది గనుక 14.2 కిలోల సిలిండర్ ఒక కుటుంబానికి నెల, నెలన్నర సరిపోతుంది. మీథేన్ అలా లొంగదు. మామూలు వేడిమి దగ్గర ఎంత గట్టిగా అదిమినా అది ద్రవం కాదు. సుమారు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. అలా చల్లబరిస్తే దాని పరిమాణం ఆరువందల వంతుకు కుదించుకుపోతుంది, అప్పుడు ఓడల్లో సముద్రాలు దాటించవచ్చు. ఆటోల్లో, బస్సుల్లో వాడే సీఎన్‌జీ కూడా మీథేనే, అయితే దాన్ని ద్రవంగా మార్చకుండా దాదాపు 200 బార్ల (ఒక బారు అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడితో మందపాటి సిలిండర్లలో కుక్కుతారు. వంటింటికి ఈ రెండు పద్ధతులూ తగవు. గొట్టం ఒక్కటే దారి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీథేన్ గాలికంటే తేలిక, గాలి బరువులో దాదాపు సగమే ఉంటుంది. సిలిండర్ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. ఈ ఒక్క తేడాను మీరు మనసులో నాటుకుంటే చాలు. సిలిండర్ గ్యాస్ లీకైతే నేలమీద పరచుకొని, గట్టు కింద, మూలల్లో, గచ్చు తూముల్లో నిలిచిపోతుంది. కిటికీ తెరిచినా కిందనే ఉండిపోగలదు కాబట్టి అది ప్రమాదకరం. పైపు గ్యాస్ లీకైతే నేరుగా పైకి లేచి, దారి ఉంటే బయటికి పోతుంది, దారి లేకపోతే కప్పు కింద చేరుతుంది. పాత ఇళ్లలో వంటింటి గోడకు పైన ఉండే వెంటిలేటరు ఇప్పుడు దానికి సరైన దారి. కాని ఈ రోజుల్లో చిమ్నీ పెట్టించామనో, దోమలు వస్తున్నాయనో, ఏసీ చల్లదనం పోతుందనో ఆ వెంటిలేటర్లను అట్టముక్కలతోనూ అద్దాలతోనూ మూసేస్తున్నారు. సీలింగు కింద అలమరాలు కట్టించి గాలి పోయే సందు లేకుండా చేస్తున్నారు. మీ ఇంట్లో అలా మూసి ఉంటే కనెక్షన్ కంటే ముందు దాన్ని తెరిపించండి. పైపు గ్యాస్ సురక్షితమని చెప్పేవారందరూ అది తేలిక కనుక అంటారు, నిజమే, అయితే పైకి దారి ఉన్న ఇంట్లోనే ఆ మాట చెల్లుతుంది.

గాలిలో మీథేన్ పాలు సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే నిప్పు తగిలితే అంటుకుంటుంది. సిలిండర్ గ్యాస్‌కు ఆ కింది హద్దు 2 శాతం దగ్గరే ఉంటుంది, అంటే అది ఇంకా తక్కువ చేరినా చాలు. మీథేన్‌కు స్వతహాగా రంగూ వాసనా లేవు. మనకు తగిలే ఆ కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన, లీకు తెలియడం కోసం కావాలని కలిపే గంధక సమ్మేళనాలది. ఈ ఏర్పాటు వెనుక ఒక ఘోరం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాల కింద వాసన లేని సహజవాయువు పోగై, ఒక్క నిప్పురవ్వతో పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. గ్యాస్‌లో వాసన కలపడం ఆ తరువాతే చట్టమైంది. మన దేశంలో దూరప్రాంతాలకు గ్యాస్‌ను మోసే పెద్ద గొట్టాల్లో సాధారణంగా వాసన కలపరు. ఊరి పొలిమేరలోని కేంద్రంలో ఒత్తిడి తగ్గించి, అక్కడ వాసన కలిపి పట్టణంలోకి పంపుతారు.

మీ అత్తగారి భయం గురించి చెప్పవలసింది ఇక్కడే. ఆవిడను చాదస్తమని ఎవరూ కసరకండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పగిలి మంటలు లేచినప్పుడు 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లూ, కొబ్బరిచెట్లూ నిలువునా మాడిపోయాయి. అంతకు ముందు 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకొని 65 రోజులు ఆరకుండా మండింది. కోనసీమలో పుట్టి పెరిగినవారికి ఇవి పత్రికల్లో చదివిన వార్తలు కావు. గ్యాస్ గాలికంటే తేలిక అన్నారు కదా, మరి నగరంలో అది నేలమీద ఎలా పరచుకుందని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో కూడా రాస్తాను. పదుల బార్ల ఒత్తిడితో వెళ్లే పెద్ద గొట్టం పగిలితే క్షణాల్లో బయటపడే గ్యాస్ అంతా ఇంతా కాదు. అది పైకి తేలిపోయేలోపే చుట్టూ కమ్ముకుంటుంది. పూర్తిగా ఆరబెట్టని వాయువైతే అందులో ద్రవ ఇంధనపు తుంపర్లు కూడా ఉంటాయి, అవి బరువుగా నేలను పట్టుకొనే ఉంటాయి. అందులో మిగిలిన నీటి తడే గొట్టం లోపలి ఉక్కును ఏళ్ల తరబడి తుప్పు పట్టించి పలచబరుస్తుంది. పెద్ద గొట్టాల పక్కన బతికే గ్రామాలవారు తనిఖీల గురించి నిలదీసి అడగడం వారి హక్కు, ఆ విషయంలో నేను మీ అత్తగారి పక్షమే.

మీ ఇంటికి వచ్చే గొట్టం సంగతి వేరు. వీధిలో మీరు చూసిన పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టంలో ఒత్తిడి సుమారు 4 బార్లు. ఇంటి దగ్గరకు వచ్చేసరికి రెగ్యులేటర్లు దాన్ని మెట్టుమెట్టుగా దించి, పొయ్యి దగ్గర 21 మిల్లీబార్లకు తెస్తాయి. ఆ అంకె ఎంతో అత్తగారికి కళ్లకు కట్టాలంటే, ఒక పొడవైన గ్లాసులో జానెడు లోతున నీళ్లు పోసి, స్ట్రా అడుగుదాకా ముంచి ఊదమనండి. బుడగ రావడానికి ఆవిడ ఎంత ఊదారో మీ పొయ్యి గొట్టంలో ఒత్తిడి దాదాపు అంతే. ఇప్పుడు మీ వంటింట్లో నిలబడి ఉన్న సిలిండర్ లోపల అంతకు కొన్ని వందల రెట్ల ఒత్తిడి ఉంటుంది, పైగా అందులో పద్నాలుగు కిలోల దాకా ఇంధనం ఇంట్లోనే నిలువ ఉంటుంది. గొట్టంలోదైతే మీటరు పక్కన ఉన్న కవాటం మూసిన క్షణాన ఇంట్లోకి రావడం ఆగిపోతుంది.

అయితే ప్రమాదమే లేదని మీకు భరోసా ఇచ్చి చేతులు దులుపుకోలేను. ఇంట్లో లీకులు ఎక్కువగా గొట్టాల అతుకుల దగ్గర, రబ్బరు ట్యూబు చివర్ల దగ్గర వస్తాయి. బిగింపు పూర్తయిన రోజున మిస్త్రీని తొందరపడి పంపేయకండి. ఒక గిన్నెలో సబ్బు నురుగు కలిపి, ప్రతి అతుకుకూ మీరే దగ్గరుండి పూయించండి. ఎక్కడైనా చిన్న బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే ఉబ్బితే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షిస్తానని ఎవరన్నా అంటే ఇంట్లోంచి పంపేయండి. రబ్బరు ట్యూబు ఉక్కుతీగ అల్లిక ఉన్నదే వాడండి, దాని మీద ముద్రించిన తేదీ చూసి గడువు దాటకముందే మార్పించండి. వాసన తగిలితే పొయ్యి మీటలు, మీటరు దగ్గరి కవాటం మూసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చాకే ఫోను చేయండి. స్విచ్చులు వేయకూడదన్నది అందరికీ తెలుసు, కాని వెలుగుతున్న కరెంటు దీపాన్ని ఆర్పకూడదని చాలామందికి తెలియదు. ఆర్పినప్పుడు కూడా స్విచ్చులో నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అంతే.

మీ పాత పొయ్యిని అలాగే పైపుకు తగిలిస్తే సరిపోదు. ఒకే పరిమాణంలో ఉన్న సిలిండర్ గ్యాస్, మీథేన్ల నుంచి వచ్చే వేడిని పోల్చితే మీథేన్‌ది సగం కంటే తక్కువే. కాబట్టి అంతే మంట రావాలంటే ఎక్కువ వాయువు రావాలి. బర్నరు కింద గ్యాస్‌ను చిమ్మే ఇత్తడి జెట్ ఒకటి, వేలి కొసంత ఉంటుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పాతదాని రంధ్రం సూదిమొనంత, కొత్తదానిది స్పష్టంగా అంతకంటే పెద్దది. జెట్ మార్చకుండా పైపుకు తగిలిస్తే మంట నీరసంగా ఉండి పప్పు ఉడకడానికి గంట పడుతుంది. దీనికి తలకిందులుగా, పైపుకు మార్చిన పొయ్యిని ఊరికి పంపినప్పుడు ఎవరైనా సిలిండర్‌కు తగిలిస్తే అది పెద్ద పసుపు మంటతో భగ్గుమంటుంది. ఇది నిజంగా అపాయం, మార్చిన పొయ్యి మీద చీటీ అంటించి పెట్టుకోండి.

ఇంకొక మాట, మీరు అడగలేదు కాని చెప్పకుండా ఉండలేను. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లవారు గ్యాస్ అయిపోతుందన్న బెంగ లేదు గనుక స్నానానికి గ్యాస్ గీజరు పెట్టించుకుంటారు. ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా మండడానికి సుమారు పది ఘనపు మీటర్ల గాలి కావాలి. తలుపు బిగించిన చిన్న స్నానాలగదిలో గీజరు వెలుగుతుంటే ఆ గాలి చాలదు. మంట అరకొరగా మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, మనం కలిపిన వాసన కూడా మంటలో కాలిపోయి ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువుకు చోటు లేకుండా చేసి, మనిషికి తెలియకుండానే కూల్చేస్తుంది. ఇలా స్నానానికి వెళ్లి తిరిగిరాని యువతీయువకుల వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉన్నాయి. పెట్టుకుంటే గీజరును బయటి గోడకు, ఆరుబయట గాలి తగిలేచోట పెట్టించండి, నీళ్లు మాత్రమే గొట్టం ద్వారా లోపలికి రావాలి. పొయ్యి మంట కూడా నీలంగా ఉండాలి; కొసలు పసుపుపచ్చగా మారి గిన్నెల అడుగులకు మసి పడుతుంటే గాలి చాలడం లేదని అర్థం.

ఖర్చు లెక్క సులువు. పైపు గ్యాస్‌ను ఘనపు మీటర్లలో కొలుస్తారు. బిల్లులో యూనిట్ అంటే అదే. ఒక 14.2 కిలోల సిలిండర్ ఇచ్చే వేడి సుమారు 18 ఘనపు మీటర్ల సహజవాయువుకు సమానం. కాబట్టి మీ ఊరి యూనిట్ ధరను 18తో హెచ్చవేసి, మీరు సిలిండర్‌కు నిజంగా చెల్లిస్తున్న మొత్తంతో, అంటే సబ్సిడీ ఉంటే తీసివేసి, తెచ్చి ఇచ్చేవారికి ఇచ్చేది ఉంటే కలిపి, పోల్చి చూడండి. మీకు సిలిండర్ 45 రోజులు వస్తుంటే నెలకు 12 యూనిట్లు కాలుతాయని అంచనా వేసుకోవచ్చు. దానికి మీటరు అద్దె లాంటి నెలవారీ రుసుములు కలపండి. డిపాజిట్‌లో తిరిగి వచ్చేది ఎంత, రానిది ఎంత అన్నది రసీదు మీద రాయించుకోండి.

ఇక మీ అబ్బాయి వాదన. కాలుష్యం లేనిది అనడం ఎక్కువ, తక్కువ ఉన్నది అంటే ఒప్పుకుంటాను. ఒకే వేడికి బొగ్గుతో పోల్చితే సహజవాయువు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 40 శాతం తక్కువ. బూడిద ఉండదు, గంధకపు పొగ దాదాపు ఉండదు. గ్యాస్ విద్యుత్ కేంద్రాలు బొగ్గు కేంద్రాల కంటే ఇంధనాన్ని పొదుపుగా వాడతాయి కనుక ఒక్కో యూనిట్ కరెంటు మీద తేడా సగం దాకా పోతుంది. కాని సిలిండర్ గ్యాస్‌తో పోల్చితే తగ్గేది పదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కట్టెల పొయ్యి నుంచి గ్యాస్‌కు మారినప్పుడు మన ఆడవారి ఊపిరితిత్తులకు కలిగిన మేలు ముందు ఇది చిన్నది. పైగా మీథేన్ కాలకుండా గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల దాకా, మొదటి ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. బావి దగ్గరనుంచి పొయ్యి దాకా ఎక్కడెక్కడ ఎంత కారిపోతోందన్న దాన్ని బట్టే ఈ ఇంధనం మంచిచెడ్డలు తేలుతాయి. మీ వంటింట్లో సబ్బు నురుగు పరీక్షకు ఈ విలువ కూడా ఉందని అబ్బాయికి చెప్పండి.

మన గోదావరి గ్యాసేనా అంటే, కొంత అవును. సముద్రంలో కేజీ డీ6 (కేజీ అంటే కృష్ణా-గోదావరి) గ్యాస్ క్షేత్రాన్ని 2002లో కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, కాకినాడకు దగ్గరలోని గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరుతోంది. మరుసటి ఏడు రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లిన ఉత్పత్తి, ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే అంచనాలకు ఎంతో దిగువకు పడిపోయింది. దాన్ని నమ్ముకొని కట్టిన గోదావరి, కృష్ణా జిల్లాల గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. 2020 డిసెంబరు నుంచి కొత్త బావులతో మళ్లీ పుంజుకుంది. దేశం మొత్తం మీద చూస్తే మనం వాడే సహజవాయువులో దాదాపు సగం ఓడల్లో ద్రవరూపంలో వచ్చి, తిరిగి వాయువుగా మారి ఇవే గొట్టాల్లో కలుస్తోంది. గుజరాత్‌లోని దహేజ్‌కు 2004లో ఖతార్ నుంచి మొదటి ఓడ వచ్చింది. గృహాలకూ వాహనాలకూ మాత్రం దేశీయ గ్యాస్‌ను ముందుగా కేటాయిస్తున్నారు. మీథేన్ పొయ్యికే పరిమితం కాదని కూడా అబ్బాయి తెలుసుకోవాలి. యూరియాకు కావలసిన అమ్మోనియాను తయారు చేయడానికి హైడ్రోజన్ మీథేన్ నుంచే వస్తుంది. బొగ్గు మీద నడిచి 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం తిరిగి 2021లో ఉత్పత్తి ప్రారంభించింది కాకినాడ వైపు నుంచి వెళ్లే గొట్టంలోని గ్యాస్‌తోనే.

వెంటిలేటరు తెరిచి ఉండి, జెట్లు మార్చి, అతుకులన్నీ మీ ఎదుట పరీక్షించి ఇస్తే కనెక్షన్ తీసుకోవడానికి నాకు అభ్యంతరం కనిపించడం లేదు. మీటరు పక్కన ఉండే కవాటం పిడి గొట్టానికి వరసగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. అది పెద్దవాళ్ల చేతికి అందే ఎత్తులో ఉండేలా ముందే అడిగి పెట్టించుకోండి. బిగింపు రోజున మీ అత్తగారిని అక్కడికి పిలిచి, పొయ్యి వెలుగుతుండగా ఆ పిడిని ఆవిడ చేతనే అడ్డంగా తిప్పించండి. మంట ఆరిపోవడం ఆవిడ స్వయంగా చూడాలి. తరువాత పొయ్యి మీట కట్టేసి, పిడిని మళ్లీ వరసకు తిప్పి, రెండోసారి వెలిగించేది కూడా ఆవిడనే కానివ్వండి.